తాళాల గుత్తికి కత్తెర

మా కర్మాగారంలో తయారయ్యే వస్తువు గుప్పిట మూస్తే కనిపించదు. తాళాల గుత్తికి తగిలించుకునే బుల్లి పనిముట్టు అది. నేను పనిలో చేరిన కొత్తల్లో అందులో చాకు ఉండేది, ఆకురాయి ఉండేది, ఆకురాయి కొసన మరలు తిప్పే మొన ఉండేది, కత్తెర ఉండేది. పిడి సందులో ఒక పక్క ముల్లు లాగే పట్టకారు, ఇంకో పక్క పళ్ళు కుట్టుకునే పుల్ల దాక్కుని ఉండేవి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మేము దాన్ని ముద్దుగా వెక్కిరించేవాళ్ళం. ఇప్పుడు బుద్ధులన్నీ పోయి పొట్టివాడు మాత్రం మిగిలాడు.

షెడ్డులో ఒక్కో పనికి ఒక్కో బల్ల ఉండేది. గుమ్మం పక్కన చాకు బల్ల, తర్వాత ఆకురాయి బల్ల, ఆ తర్వాత పట్టకార్ల బల్ల, కిటికీ దగ్గర చిట్టచివర కత్తెర బల్ల. కత్తెర బల్లకి మా వదిన పెద్ద. వదినంటే మా ఆయనకి అక్క. షెడ్డులో అందరికీ ఆమె పెద్దక్క. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా పెద్దక్కా అనే పిలిచేవాళ్ళు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచి, చదివించి, ఇదే కర్మాగారంలో కొత్త మోడళ్ళ బొమ్మలు గీసే గదిలో కుర్చీ వేయించింది. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వాటా నాలుక కూడా అక్కకే వచ్చిందని నేను అంటే ఆయన నవ్వుతాడు, వదిన మాత్రం నవ్వదు.

పెళ్ళయిన కొత్తల్లోనే ఆమె నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన పక్క స్టూలు మీద కూర్చోబెట్టింది. కత్తెర అంటే రెండు బ్లేడ్లు కలిపి మధ్యలో రివెటు కొట్టడమే అనుకున్నాను అప్పట్లో. బ్లేడ్లు రెండూ చదునుగా ఉంటే కత్తెర తెగదు. ఒకదాని వైపు ఇంకొకటి కంటికి కనిపించనంత వంగి ఉండాలి. మూస్తుంటే ఒకే ఒక్క చోట తాకాలి, ఆ తాకే చోటు మొదలు నుంచి కొస దాకా జరుగుతూ పోవాలి. ఆ వంపు మిషను ఇవ్వదు. ఇనుప దిమ్మె మీద బ్లేడు పెట్టి చిన్న సుత్తితో తట్టి తెప్పించాలి. ఎక్కువ తడితే బ్లేడ్లు కొరుక్కుంటాయి, తక్కువ తడితే జారిపోతాయి. మా బల్ల మీద దీన్ని 'చెయ్యి పడటం' అనేవాళ్ళం. చెయ్యి పడ్డాక తడిపిన పల్చటి కాగితాన్ని కొసతో కత్తిరించి చూసేవాళ్ళం. మొండి కత్తెర తడి కాగితాన్ని నములుతుంది. నమిలిన కత్తెరని వదిన పెట్టెలో వెయ్యనిచ్చేది కాదు. సాయంత్రం గంట కొట్టినా సరే, మళ్ళీ విప్పించేది. ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆమెని.

ముందు చాకు పోయింది. విమానం ఎక్కేవాళ్ళ దగ్గర అక్కడి కాపలావాళ్ళు లాగేసుకుంటున్నారని, బుట్టల కొద్దీ పోగుపడుతున్నాయని, కొన్నవాళ్ళు గోల పెడుతున్నారని చెప్పారు. నిజమే అయ్యుంటుంది. కానీ చాకు లేని మోడలు వచ్చిన వారానికే పదునుపెట్టే రాళ్ళకి కరెంటు తీగలు పీకేశారు. అక్కడి పెద్దాయన రవ్వలు పడకుండా పెట్టుకునే కళ్ళద్దాలు తుడిచి, మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. ఉక్కు పిడి పోయి పల్చటి ప్లాస్టిక్ పిడి వచ్చినప్పుడు పట్టకారుకీ పుల్లకీ సందు లేకుండా పోయింది. ఆ బల్లా ఖాళీ. ఆకురాయికి పళ్ళు కొయ్యడం మానేసి, పైన గీతలు అచ్చు వేశారు. గోటికి కూడా పనికిరాని ఆ ఆకురాయి కొన్నాళ్ళు వేలాడి, అదీ పోయింది.

వాటి బదులు ఏవేవో వచ్చాయి. సీసా మూత తీసే కొక్కెం వచ్చింది. నొక్కితే వెలిగే బుల్లి దీపం వచ్చింది. కంప్యూటరులో గుచ్చుకునే మెమొరీ పుల్ల వచ్చి, ఇదే భవిష్యత్తు అని మాకు మిఠాయిలు పంచి, రెండు మూడేళ్ళకే చెప్పాపెట్టకుండా పోయింది. ఆ తర్వాత ఫోను నిలబెట్టుకునే గాడి. వచ్చిన ప్రతిదీ ఎక్కడో తయారై డబ్బాల్లో వచ్చింది. పోయిన ప్రతిదీ మా బల్లల మీద నుంచి పోయింది. పెద్దవాళ్ళు దీన్ని మార్పు అంటారు. మా షెడ్డులో అది చీపురు పట్టుకుని వచ్చినట్టుండేది.

మిగిలింది కత్తెర ఒక్కటే. మిగిలింది మా బల్ల ఒక్కటే.

పాత యజమాని మంచం పట్టాక కర్మాగారం ఆయన అల్లుడి చేతికి వచ్చింది. ఆయనకి పెద్ద పదవి పేరేదో ఉంది గానీ, మేమందరం అల్లుడుగారనే అనుకునేవాళ్ళం. మనిషి మర్యాదస్తుడు. మీరు, గారు లేకుండా మాట్లాడడు. బల్లల మధ్య నడుస్తూ అందరి పిల్లల చదువులూ అడుగుతాడు. అలా అడిగినవాళ్ళ బల్లలే ముందు ఖాళీ అయ్యాయి కాబట్టి, ఆయన నా దగ్గర ఆగి "బాబు ఎలా చదువుతున్నాడమ్మా?" అన్నరోజే మా వంతు వచ్చిందనుకున్నాను.

అదే వారం మేనేజరు మా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరితోనో అన్నట్టుగా ఒక మాట వదిలి వెళ్ళాడు. కొత్త మోడలు నమూనాలు కొనుగోలు కంపెనీవాళ్ళు చూడబోతున్నారట. అందులో కత్తెర సరిగ్గా తెగకపోతే ఇక కత్తెరే వద్దంటారట. ఆ మాటతో బల్ల చుట్టూ ఎవరికీ ముద్ద దిగలేదు.

"మన చేతుల్లోంచి వెళ్ళినది తెగకపోవడమేంటే?" అంది వదిన. ఆమె ధైర్యం చూసి మాకూ ప్రాణం లేచొచ్చింది.

నమూనాలు వచ్చిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. అట్టపెట్టె పట్టుకుని మా ఆయన వచ్చాడు. ఆయన భుజం రాసుకుంటూ మేనేజరు. పెట్టె తెరిస్తే లోపల కొత్త మోడలు. కత్తెర బ్లేడ్లు రెండూ రేకులోంచి ప్రెస్సు మిషను కొట్టినవి, అద్దంలా చదును. రివెటు కూడా ప్రెస్సే వేసింది. స్ప్రింగు బదులు ప్లాస్టిక్ నాలుక. వదిన ఒకటి తీసి తడి కాగితం మీద మూసింది. అది కాగితాన్ని మడతపెట్టి నమిలింది.

"ఇదేం కత్తెర్రా?" అంది తమ్ముడితో.

మా ఆయన ఆమె మొహం చూడలేదు. "అక్కా, వీటిని విప్పొద్దు, తట్టొద్దు. వచ్చినవి వచ్చినట్టే పెట్టెలో సర్దేసి పంపించు," అన్నాడు.

"నా బల్ల మీద నుంచి, నా చెయ్యి పడకుండానా?"

"అవును. అలాగే పంపించు. ఏం చెయ్యకు."

మామూలుగా రెండు ముక్కలు కూడా మాట్లాడని మనిషి, ఆ మాటే ఇంకోసారి అన్నాడు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ వెళ్ళాక వదిన మొహం కందగడ్డలా అయింది. "నేను పెంచినవాడు నాకు పని చెప్తాడా? వీడికి బొమ్మ గియ్యడం వచ్చు గానీ కత్తెర గురించి ఏం తెలుసే?" అంది.

మధ్యాహ్నం గంటకి మేమందరం క్యారేజీలు పట్టుకుని బయటికి నడిచాం. తిండికి రా వదినా అని పిలిచాను. చెయ్యి ఊపింది. తిరిగి వచ్చేసరికి దిమ్మె ముందు వంగి, రివెట్లు విప్పి, ఒక్కో బ్లేడూ తడుతోంది. అంత పల్చటి రేకుకి వంపు తేవడం నా వల్ల కాదు, బల్ల మీద ఇంకెవరి వల్లా కాదు. ప్లాస్టిక్ నాలుకని వేడినీళ్ళలో ముంచి, వేలితో వంచి, దానికీ దారి చూపించింది. సాయంత్రానికి పెట్టెలోని ప్రతి కత్తెరా తడి కాగితాన్ని కొస దాకా, చప్పుడు లేకుండా కోసింది. మేము చుట్టూ మూగి చూశాం. చాలాకాలానికి ఆ బల్ల దగ్గర నవ్వులు వినిపించాయి.

కొనుగోలు కంపెనీవాళ్ళు వచ్చినరోజు మా బల్ల ముందే పరీక్ష పెట్టారు. వచ్చినామె గట్టి మనిషి. దారం కత్తిరించింది, గుడ్డ కత్తిరించింది, సంచిలోంచి పల్చటి కాగితం తీసి తన సీసాలో నీళ్ళతోనే తడిపి కత్తిరించింది. అన్నీ తెగాయి. వదిన చేతులు కట్టుకుని, పెళ్ళికూతురి తల్లిలా నిలబడింది.

"ఇవి ప్రెస్సులోంచి వచ్చినవి వచ్చినట్టేనా?" అని అడిగిందామె.

"అంతేనండి. మనిషి చెయ్యి పడదు," అన్నాడు అల్లుడుగారు.

నేను మా ఆయన వైపు చూశాను. గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఏదో కొంప మునిగిందని నాకు అప్పుడే తెలిసింది, ఏమిటో మాత్రం తెలియలేదు.

ఇంటికి వచ్చాక తెలిసింది. కొనుగోలు కంపెనీవాళ్ళ షరతు వేరు. కత్తెర ఉండాల్సిందే, కత్తెర కోసమే జనం కొంటున్నారని వాళ్ళు పట్టుబట్టారట. ప్రెస్సు కత్తెర తడి కాగితం కోస్తే ప్రెస్సుదే పెట్టండి, కొయ్యకపోతే చేత్తో చేసిందే పెట్టండి అన్నారట. మా ఆయనకి ఈ సంగతి నమూనాలు వచ్చిన పొద్దునే, బొమ్మలు గీసే గదిలో తెలిసింది. మేనేజరు అక్కణ్ణించే ఆయన్ని వెంటబెట్టుకుని మా బల్లకి తీసుకొచ్చాడు. ఆ నమూనాలు నమిలితేనే మా బల్ల నిలిచేది. అవి తెగాయి.

"నోరు తెరిచి చెప్పొచ్చు కదరా," అంది వదిన. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"పక్కన వాడున్నాడు, ఎలా చెప్పను? ఏం చెయ్యొద్దని అన్నాను కదా. రెండుసార్లు అన్నాను. ఇన్నేళ్ళలో నీ పనికి ఎప్పుడైనా అడ్డం వచ్చానా? వచ్చానంటే ఏదో ఉందనుకోవద్దా అక్కా?"

"ఏదో ఉందనుకోవడానికి నువ్వు మనిషిలా మాట్లాడితే కదా. బొమ్మలా నిలబడితే నాకేం తెలుస్తుంది?"

నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఒకళ్ళకి నోరు లేదు, ఒకళ్ళకి చేతులు ఆగవు. వీళ్ళిద్దరి మధ్య పడి బల్ల మీద ఉన్న ఆడవాళ్ళందరి బతుకులూ పోయాయి. ఆ మాట పైకే అన్నాను. కూర్చున్న కొమ్మ నరుక్కున్నవాళ్ళ గురించి నవ్వుతూ చెప్పుకుంటాం గానీ, ఆ మనిషి మన ఇంట్లోనే, మన ఎదురుగానే తలొంచుకుని కూర్చుంటే నవ్వు రాదు.

తెల్లారి ఆమె తిన్నగా అల్లుడుగారి గదికి వెళ్ళింది. తోడుగా నన్ను రమ్మంది. గదిలో గాజు బల్ల, దాని మీద కొత్త మోడళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. ఆమె కూర్చోకుండానే చెప్పింది.

"ఆ నమూనాలు ప్రెస్సువి కాదండి. నేను విప్పి సరిచేశాను. మీరు వాళ్ళకి అబద్ధం చెప్పినట్టయింది. ఆ సంగతి వాళ్ళకి చెప్పండి, తప్పు నామీదే వెయ్యండి. నన్ను తీసేసినా సరే."

అల్లుడుగారు ఆమెకి కుర్చీ జరిపాడు. "కూర్చోండి పెద్దక్కా. మీరు సరిచేస్తారని నాకు తెలుసు. వాటిని మీ బల్లకి పంపమన్నది నేనే."

వదినకి ఒక క్షణం అర్థం కాలేదు. నాకు అయింది. మేనేజరు మా దగ్గర ఎందుకు మాట వదిలి వెళ్ళాడో, మా ఆయన పక్కన ఎందుకు కాపలా కాశాడో, అన్నీ అర్థమయ్యాయి.

"మా మావగారు చెప్పేవారు, పెద్దక్క చేతికి చెడ్డ కత్తెర ఇస్తే రాత్రి నిద్రపోదని," అన్నాడాయన, మెచ్చుకుంటున్నట్టే.

తమ్ముడు అక్కతో ఒక ఇంట్లో పెరిగి కూడా కనిపెట్టలేనిది ఈయన మర్యాదగా కనిపెట్టేశాడు. ఆమెలో ఏది మంచిదో చూసి, సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న గాజు బల్ల ఎత్తి కింద పడెయ్యాలనిపించింది నాకు. పడెయ్యలేదు. ఇలాంటివి అనిపించడమే గానీ చేసేదేముంది.

ఆయన ఇంకా ముగించలేదు. "బల్ల ఎత్తేస్తాం, అది తప్పదు. మీకు మాత్రం పని ఉంటుంది. ప్రతి కొట్లో ఒక పనిముట్టుని తాడుతో కట్టి ఉంచుతాం, జనం పట్టుకుని చూడ్డానికి. ఆ కట్టి ఉంచేవి మీరు చేసిపెట్టాలి."

వదిన లేచి వచ్చేసింది. చచ్చినా చెయ్యదనే అనుకున్నాను. అదే మాట ఇంటికొచ్చి మా ఆయనతో గొప్పగా చెప్పాను కూడా. నాలుగురోజులు ఆమె ఇల్లు కదల్లేదు. ఆ తర్వాత పొద్దున తల దువ్వుకుని, క్యారేజీ సర్దుకుంటుంటే ఎక్కడికని అడిగాను.

"పనికి," అంది.

"సిగ్గు లేదూ వదినా?" నా నోటికి అడ్డు ఉండదు, ఆమె దగ్గర నేర్చుకున్నదే. "మేమందరం ఇంటికి, నువ్వు వాళ్ళ మోసానికి మెరుగు పెట్టడానికా?"

"ఎలాగూ అన్నీ మొండివే చేస్తారే. కొట్టుకి ఒక్కటన్నా తెగేది ఉంటుంది కదా," అంది. నాతో వాదించడం లేదు. నిజంగానే అలా అనుకుంటోంది. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

బల్ల ఎత్తేసినరోజు ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు, ఏడ్చారు, నా బుగ్గలు పుణికారు. వదిన కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఆమె పని నేర్పని మనిషి ఆ గుంపులో ఒక్కతీ లేదు.

నేను ఇప్పుడు బట్టల కొట్లో గుండీలు కుడుతున్నాను. మొన్న సూదులు కొనడానికి బజారులో సామాన్ల కొట్టుకి వెళ్ళాను. గల్లా పక్కన మా పొట్టివాడు రంగురంగుల అట్టల మీద వేలాడుతున్నాడు. ముందర ఒకటి తాడుతో మేకుకి కట్టి ఉంది. చేతిలోకి తీసుకుని ఒక్కసారి మూశాను. చెప్పక్కర్లేదు, వదిన చెయ్యి. వేళ్ళకి తెలిసిపోయింది.

నా పక్కన ఒకాయన కూతుర్ని ఎత్తుకుని నిలబడ్డాడు. ఆ పనిముట్టుని నా చేతిలోంచి తీసుకుని, రసీదు కాగితం కొస కత్తిరించాడు. తర్వాత పిల్ల గౌనుకి వేలాడుతున్న దారప్పోగు కత్తిరించాడు. "ఇంత చిన్నది ఎంత బాగా తెగుతోందో చూడండి," అని నాకే చూపించి, అట్ట మీదది ఒకటి తీసుకున్నాడు.

"అది తెగదండి. ఆ కట్టి ఉన్నది ఇమ్మని అడగండి," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కొట్టాయన నవ్వాడు. "అది అమ్మేది కాదమ్మా," అన్నాడు. పిల్ల తండ్రి అట్ట జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి వదిన అప్పుడే పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగుతోంది. బజారు కొట్లో చూశానని చెప్పాను. ఆమె గ్లాసు సగంలో ఆపి, "ఏదీ, కట్టి ఉన్నదా? మూసి చూశావా?" అని అడిగింది. ఆమె కళ్ళల్లో అంత ఆత్రం నేను చాలాకాలంగా చూడలేదు. "కొస దాకా తెగుతోందా?"

"తెగుతోంది వదినా, వెన్నలా తెగుతోంది," అన్నాను. "అది చూసే జనం కొంటున్నారు."

ఆమె గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు. పొద్దున్నే లేచి మళ్ళీ పనికి వెళ్ళింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని మా ఆయన అంటాడు. నాకు మాత్రం ఇప్పటికీ అలా అనిపించదు.